తాండూరు బండల ఆసుపత్రి

మత్తయ్య వికారాబాదులో సొంత ఆఫీసు తెరిచింది 1969 చివర్లో. ఆ ఏడాది హైదరాబాదంతా తెలంగాణ ఉద్యమంతో అట్టుడికిపోయింది. ఆయన పనిచేసే ఆర్కిటెక్టుల కంపెనీ నాలుగు నెలలు తలుపులు మూసుకుని, తెరిచాక సగం మందిని ఇంటికి పంపింది. అలా పంపినవాళ్లలో మత్తయ్య ఒకడు. ముప్పై రెండేళ్ల వయసు, కొత్తగా పెళ్లి, ఆర్కిటెక్చరు డిప్లొమా, ఒక డ్రాయింగు బల్ల. గార్డును బతిమాలి ఆ బల్లను ప్యాసింజరు రైల్లో ఎక్కించుకుని సొంతూరు చేరాడు. స్టేషను రోడ్డులో సోడా దుకాణం మీది గది అద్దెకు తీసుకుని, కిటికీ పక్కన బల్ల వేసుకున్నాడు.

"ఇల్లు కట్టాలంటే మేస్త్రీని పిలుస్తరు గని, కాయితం మీద గీసేటోన్ని ఎవలు పిలుస్తరు అల్లుడా?" అని మామ అడిగాడు.

మొదటి ఏడాది నిజంగానే ఎవరూ పిలవలేదు. ఒక కిరాణా కొట్టు ముందు పందిరి, ఒక డాక్టరుగారి వరండా, అంతే. రెండో ఏడాదికి పంచాయతీ సమితి వాళ్లు ఆడపిల్లల హాస్టలు కట్టాలనుకుని, ఊళ్లో చదువుకున్న కుర్రాడు ఉన్నాడు కదా అని ఆ పని మత్తయ్యకిచ్చారు.

పట్నంలో నేర్చుకున్నదంతా ఆ హాస్టలు మీద పెట్టేశాడు మత్తయ్య. కాంక్రీటు స్లాబు, సన్నటి గోడలు, పడమటివైపు నిలువెత్తు గాజు కిటికీలు. పిల్లలు చదువుకుంటూ తలెత్తితే అనంతగిరి గుట్టలు కనిపించాలని ఆయన ఆశ. పని చేసిన మేస్త్రీ తాండూరు నుంచి వచ్చిన నజీర్. యాభై ఏళ్ల మనిషి, రాతి పనిలో పేరున్నవాడు. కిటికీలకు చౌకట్లు నిలబెట్టే రోజున ఒక్క మాటన్నాడు.

"పడమటి దిక్కు గింత అద్దమా సాబ్?"

మత్తయ్య నవ్వి ఊరుకున్నాడు. నజీర్ చౌకట్టు ఎత్తి నిలబెట్టాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. వచ్చినవాళ్లంతా పట్నపు బిల్డింగులా ఉందన్నారు. మత్తయ్య ఆ మాటలను నెలల తరబడి మనసులో నెమరు వేసుకున్నాడు.

ఏప్రిల్‌లో రాహేలమ్మ కబురు పెట్టింది. ఆమె హాస్టలు వార్డెను. చిన్నప్పుడు మిషను బడిలో మత్తయ్యకు అక్షరాలు దిద్దించిన టీచరు కూడా. వెళ్లేసరికి మధ్యాహ్నం ఒంటి గంట. పిల్లలెవరూ గదుల్లో లేరు. వంటింటి వెనక గోడ నీడన చాపలు పరుచుకుని వరసగా కూర్చుని చదువుకుంటున్నారు.

"అన్నం తినే పోదువు రా," అని రాహేలమ్మ ఆయన్ని ఒక గదిలోకి తీసుకెళ్లింది. మధ్యలో బల్ల వేసి, విస్తరి పరిచి, వడ్డించింది. "గీడ కూసోని తిను. తిన్నంక మాట్లాడుకుందాం."

మత్తయ్య తినడం మొదలుపెట్టాడు. నాలుగు ముద్దలకే చొక్కా వీపుకు అతుక్కుపోయింది. గోడకు చెయ్యి ఆనిస్తే చురుక్కుమంది. ఫ్యాను తిరుగుతోంది గానీ, స్లాబు కింద పేరుకున్న వేడినంతా ఆయన నెత్తి మీదికే దించుతోంది. నుదుటి మీది చెమట పప్పులో పడింది. తలెత్తి కిటికీ వైపు చూశాడు. ఆయన గుట్టల కోసం పెట్టించిన గాజు మీద పిల్లలు పాత దినపత్రికలు అతికించారు. పై నుంచి కింద దాకా, వేలెడు సందు లేకుండా.

"గుట్టలు కనబడాలని పెట్టించిన టీచరమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"మంచిగ కనబడుతయి. చూసేటోళ్లే లోపల ఉండలేకపోతున్నరు."

రాహేలమ్మ మజ్జిగ పోసింది.

"నిన్ను అనాలని పిలవలేదు బాబూ. బిల్డింగు చూడనీకి బాగనే ఉన్నది. ఇంకా శానా కడుతవు నువ్వు. కట్టేముందు లోపల ఉండేటోళ్లను గుర్తు పెట్టుకుంటవని పిలిచిన."

మర్నాడు పొద్దున్నే మత్తయ్య తాండూరు రైలెక్కాడు. ఎందుకు వెళ్తున్నాడో ఆయనకే సరిగ్గా తెలియదు. నజీర్ ఆనాడన్న మాట ముల్లులా గుచ్చుకుంటోంది, అంతే. ఇంటికి వెళ్తే నజీర్ భార్య అష్రఫున్నీసా తలుపు చాటు నుంచి, "బండలు ఏరనీకి కరణ్‌కోట తోవల క్వారీకి పోయిండు," అని చెప్పింది. మత్తయ్య సైకిలు అద్దెకు తీసుకుని బయల్దేరాడు.

ఎండలో క్వారీ తెల్లగా మెరుస్తోంది. నేలలోంచి బండలు పుస్తకం పుటల్లా పొరలు పొరలుగా లేస్తున్నాయి. అమ్ముడుపోని ముక్కలు చుట్టూ దిబ్బలు దిబ్బలుగా పడి ఉన్నాయి. పొలాలను మింగేస్తున్న ఆ దిబ్బలను ఎవరూ పట్టించుకోరు. నజీర్ ఆయన్ని చూసి, ఏమీ అడక్కుండానే చెయ్యి పట్టుకుని ఒక గుడిసె వైపు నడిపించాడు.

"ముందు నీడకు రా సాబ్. మొఖం కందిపోయింది."

అది గుడిసె అనడానికి కూడా లేదు. పనికిరాని రాతి ముక్కలను పేర్చి గోడలు లేపారు. పైన బండల కప్పు. ద్వారం ఉత్తరానికి ఉంది. వంగి లోపలికి అడుగుపెట్టిన మత్తయ్య అక్కడే నిలిచిపోయాడు. లోపల చల్లగా ఉంది. చెట్టు నీడలో ఉన్నట్టు కాదు, నీళ్ల కుండ పక్కన కూర్చున్నట్టు. మూలన ఉయ్యాలలో ఒక పసిపిల్ల ఒంటి మీద చెమట చుక్క లేకుండా నిద్రపోతోంది.

నలభై ఏళ్లు దాటిన ఒకామె సమ్మెట గుమ్మం బయట ఆనించి లోపలికి వచ్చింది. ఎనిమిది మంది కూలీలతో బండలు చీల్పించే బుగ్గమ్మ ఈమేనని నజీర్ చెప్పాడు. ఉయ్యాలలోది ఆమె మనుమరాలు.

"ఈ కప్పు నువ్వే వేసినవా బుగ్గమ్మా?" అడిగాడు మత్తయ్య.

"ఇంకెవలేస్తరు సారు. ఫస్టు ఒక్క వరస ఏసిన. పెనం లెక్క కాలింది. కోడలు పిల్లను పండబెడితే ఏడుపే ఏడుపు. అప్పుడు నాలుగు రాళ్లు నిలబెట్టి మీద ఇంకొక్క వరస ఏసిన. నడిమిట్ల జానెడు సందు ఇడిసిన. మీది బండ ఎండను తింటది, సందుల గాలి తిరుగుతది, కింది బండకు ఏమెర్క ఎండ సంగతి?"

"పడమటి గోడకు కిటికీ ఎందుకు పెట్టలేదు?"

బుగ్గమ్మ ఆయన్ని వింతగా చూసింది. "పొద్దుమూకి ఎండొచ్చేదే గా దిక్కు నుంచి. కిటికెందుకు?"

నజీర్ పక్కకు తిరిగి గడ్డం సవరించుకున్నాడు. నవ్వు దాచుకోవడానికని మత్తయ్యకు తెలుసు. మత్తయ్య జేబులోంచి టేపు తీసి ఆ గుడిసెను మూల మూలా కొలిచాడు. గోడ మందం, సందు ఎత్తు, గోడ అడుగున గాలి వచ్చే బొక్కలు, కప్పు కింద గాలి పోయే బొక్కలు. సాయంత్రం రైల్లో వికారాబాదు చేరేదాకా ఆ కాగితాన్ని మడవకుండా ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ ఏడు వానలు పడలేదు. డెబ్బై రెండులో ఆ వైపు పొలాలన్నీ బీళ్లయ్యాయి. సర్కారు కరువు పనులు మొదలుపెట్టింది. తాండూరులో కాన్పుల ఆసుపత్రి ఒకటి కట్టాలన్న పాత ప్రతిపాదన ఆ వంకతో బయటికి వచ్చింది. కానీ సిమెంటు దొరకడం లేదు. పర్మిటు కోసం నెలలు పడుతుందన్నారు. మత్తయ్య, నజీర్ ఇద్దరూ కలిసి సమితి ఆఫీసుకు వెళ్లి ఆసుపత్రి ప్లాను గీసిన నక్ష పరిచారు. అప్పటికే వాళ్లిద్దరూ భాగస్థులు. గీత ఒకరిది, చేత ఒకరిది.

నక్షలో ఆసుపత్రి గోడలు అడుగున్నర మందం, అంతా క్వారీ దిబ్బల మీది ముక్కలు. సిమెంటు బదులు గానుగాడించిన డంగు సున్నం. కప్పుకు పాత రైలు పట్టాలు దూలాలు, వాటి మీద దళసరి బండలు. ఆ బండల మీద జానెడు రాతి దిమ్మెలు నిలబెట్టి రెండో కప్పు. పడమట గోడ మూసేసి, మధ్యలో ఆకాశం కనబడేట్టు వాకిలి తెరిచి, పైన పడ్డ వాన నీరంతా వాకిలి కింది తొట్టిలోకి చేరేట్టు గీశాడు.

ఇంజనీరు బాల్‌రాజ్ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. చెడ్డ మనిషి కాడు. కప్పు కూలితే సంతకం తనది కదా అన్న భయం.

"పారేసిన రాళ్లతోని దవాఖానా కడుతరా? పైన రెండు కప్పులా? ఆడోళ్లు, పసిపిల్లలు పండుకునే జాగ అది మత్తయ్యగారూ."

"అందుకే సార్ గిట్ల గీసింది."

"సరే, ఒక గది కట్టి చూపించండి. నేను చెప్పిన బరువు మూడు దినాలు మోయాలె. మోస్తే సంతకం పెడుత."

కట్టారు. మొదటి రోజు కప్పు మీద ఇసుక బస్తాలు పేర్చారు. ఏమీ కాలేదు. రెండో రోజు మధ్యాహ్నం కొరడాతో కొట్టినట్టు చప్పుడైంది. కింది వరసలో ఒక బండ అడ్డంగా చీలింది. రైలు పట్టాల మీదే నిలిచింది గాని కింద పడలేదు. అయినా బాల్‌రాజ్ ముఖం పాలిపోయింది. టోపీ తీసుకుని జీపు వైపు నడిచాడు.

నజీర్ నేల మీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్ల పనిలో ఆయన వేసిన బండ చీలడం అదే మొదలు. అప్పుడు పక్కన రాళ్ల కుప్ప దగ్గర ముక్కలు తట్టకెత్తుతున్న బుగ్గమ్మ వచ్చి, చీలిన బండను కింద నుంచి చూసింది. నిచ్చెన ఎక్కింది. చిన్న సుత్తి తీసుకుని పక్క బండను తట్టింది. తర్వాత దాని పక్కది. వరసగా తడుతూ పోయింది.

"ఇంజనీరు సారును జర ఆగమను," అంది పైనుంచి.

మత్తయ్య పరుగెత్తి జీపును ఆపాడు. బాల్‌రాజ్ విసుగ్గానే వెనక్కి వచ్చాడు.

"ఇను సారు," అంటూ బుగ్గమ్మ ఒక బండను తట్టింది. కంచు పళ్లెం మీద కొట్టినట్టు ఖంగుమంది. ఇంకోదాన్ని తట్టింది. మట్టి కుండ పలికినట్టు మొద్దుగా పలికింది. "గిది లోపల పగిలే ఉన్నది. పైకి కనబడది. గనిల నుంచి తీసేటప్పుడే దెబ్బ తిన్నది. గిసొంటియి గీ కప్పుల ఇంక మూడున్నయి. బండది తప్పు గాదు, మేస్త్రీది తప్పు గాదు. ఏరినోళ్లు తట్టి చూడలే, గంతే."

"ఏరింది నేనే," అన్నాడు నజీర్.

"కంటితోని ఏరినవ్ నజీర్ సాబూ. చెవితోని ఏరాలె."

బస్తాలు దింపించి, ఆమె చూపించిన మూడు బండలనూ విప్పించారు. బాల్‌రాజ్ ఆ మూడింటినీ తన కళ్లముందే సమ్మెటతో కొట్టించాడు. మూడూ లోపలి చీలిక వెంబడే విడిపోయాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆ చీలికను వేలితో తడిమి చూశాడు. కొత్త బండలు వేసి మళ్లీ బరువు పెట్టారు. మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు బాల్‌రాజ్ తనే వచ్చి, గదిలో కుర్చీ వేయించుకుని మధ్యాహ్నమంతా ఫైళ్లు చూసుకున్నాడు. లేచేటప్పుడు నక్ష మీద సంతకం పెట్టి, దాని కింద ఇంకో వాక్యం రాశాడు: కప్పులోకి ఎక్కే ప్రతి బండనూ బుగ్గమ్మ తట్టి చూసి ఒప్పుకోవాలి.

ఆ విధంగా బుగ్గమ్మ ఆ ఆఫీసులో మూడో మనిషైంది. మత్తయ్య గీస్తే నజీర్ కడతాడు. బుగ్గమ్మ వద్దంటే ఇద్దరూ ఆగుతారు.

ఆసుపత్రి డెబ్బై నాలుగు వేసవికి తయారైంది. మే నెలలో నజీర్ కూతురు షరీఫా కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఇంట్లోనే మంత్రసాని చేత చేయిద్దామని అష్రఫున్నీసా పట్టు పట్టింది. దవాఖానా అంటే ఆమెకు భయం. నజీర్ ఎంత చెప్పినా వినలేదు. చివరికి నర్సు సుమిత్రమ్మ ఇంటికి వచ్చి మాట్లాడితే, ఒక్కరోజుకు అని ఒప్పుకుంది. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఐదో రోజు డిశ్చార్జి చేస్తామంటే అష్రఫున్నీసా సుమిత్రమ్మను పక్కకు పిలిచింది.

"ఇంకొక రెండు దినాలు ఉండనీయమ్మా. ఇంట్ల రేకుల కింద పసిపిల్లకు ఉడుకపోస్తది."

"పిల్లకా, నీకా అమ్మీ?" అంది సుమిత్రమ్మ.

"నాకు గూడ," అని అష్రఫున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఈ సంగతి నజీర్ వికారాబాదు దాకా వచ్చి మత్తయ్యకు చెప్పాడు. చెబుతుంటే ఆయన కళ్లు మెరిశాయి. ముప్పై ఏళ్లలో తన పనిని భార్య మెచ్చుకోవడం అదే మొదటిసారి అన్నాడు.

మత్తయ్య మాత్రం ఆ సాయంత్రమే రాహేలమ్మ దగ్గరికి వెళ్లాడు. సెలవుల్లో హాస్టలు ఖాళీగా ఉంటుంది కదా, ఆ నెలరోజులూ తాళంచెవులు ఇమ్మని అడిగాడు. పడమటి గాజు కిటికీలు పీకించి రాతితో మూయించాడు. తూర్పున, ఉత్తరాన కొత్త కిటికీలు తెరిపించాడు. స్లాబు మీద దిమ్మెలు నిలబెట్టి బండలు పరిపించాడు. పిల్లలు తిరిగి వచ్చిన వారానికి రాహేలమ్మ ఒక పోస్టుకార్డు రాసింది. అందులో రెండే మాటలు: పిల్లలు లోపల చదువుకుంటున్నారు. నువ్వు భోజనానికి రా.

తర్వాత పన్నెండేళ్లు పని వెనక పని నడిచింది. బషీరాబాదులో గ్రంథాలయం, పల్లెల్లో బడులు, బస్సు కోసం నిలబడేవాళ్లకు నీడలు. దిబ్బల మీది రాళ్లు తరిగి, ఒకటి రెండు చోట్ల కింద నల్లరేగడి బయటపడింది. అక్కడ కందులు వేశారు. పట్నం నుంచి కుర్ర ఆర్కిటెక్టులు అప్పుడప్పుడు వచ్చి ఫోటోలు తీసుకునేవాళ్లు. మత్తయ్య జుట్టు నెరిసింది, నజీర్‌కు మోకాళ్లు పట్టేశాయి. కరణ్‌కోట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ లేస్తోంది. ఇంక మీ రాళ్లెవరికి కావాలని కొందరు వేళాకోళం చేస్తుంటే, సిమెంటు మంచిదే, ఎక్కడ వాడాలో తెలిస్తే చాలు అనేవాడు మత్తయ్య.

ఆయనకు మిగిలిన చింత ఒక్కటే. తాండూరు ఆసుపత్రి వేసవిలో ఎంత హాయో, చలికాలంలో అంత ఇబ్బంది. డిసెంబరు వస్తే కప్పు సందులో గాలి ఈడ్చి కొట్టి వార్డు చల్లబడిపోయేది. సుమిత్రమ్మ ప్రతి ఏడూ దుప్పట్లు అడిగేది. సందు మూస్తే వేసవి పాడవుతుంది, తెరిస్తే చలికాలం పాడవుతుంది. ఎన్ని గీసినా తెగలేదు.

1986లో, కొత్తగా మండలాలు వచ్చాక, మండల ఆఫీసుకు స్థలం చూడమంటే ముగ్గురూ పెద్దేముల్ బస్సెక్కారు. ఊరికి కొంచెం ఇవతల బుగ్గమ్మ కిటికీలోంచి చూసి నజీర్ భుజం తట్టింది.

"నజీర్ సాబూ, గది ఎప్పుడు కట్టినవ్?"

రోడ్డు పక్క చేలో రాతి గోడల కట్టడం ఒకటి. పైన రెండు కప్పులు, మధ్యలో జానెడు సందు. నజీర్ కళ్లు చికిలించి చూశాడు.

"నేను కట్టలే. ఆ మూల చూడు, నిలువు చూసే గుండు పెట్టకుండ లేపిండ్రు. గట్ల నేను కడుతనా?"

బస్సు ఆపించి దిగారు. దగ్గరికి వెళ్తే అది గొర్రెల దొడ్డి. గొంగడి భుజాన వేసుకున్న ఒక మనిషి ఎదురొచ్చాడు. పేరు కిష్టప్ప. గొర్రెలు కాసేవాడు, రెండెకరాల చేను ఉంది.

"ఇది ఎవరు చెప్పిండ్రు కిష్టప్పా గిట్ల కట్టుమని?" అడిగాడు మత్తయ్య.

"ఎవలు జెప్తరు సారు. మా ఆమె తాండూరు దవాఖానల కన్నది. నాలుగు దినాలు నేను గా వరండల ఊకెనే కూసున్న. ఏం పని లేక పైకి చూసుకుంట కూసున్న. ఎండకాలం గొర్లు సచ్చిపోతుండె. మనుషులకు పనిచేసింది గొర్లకు పనిచెయ్యదా అని కట్టుకున్న. గిప్పుడు బాగనే ఉన్నయి."

నజీర్ వంకర మూలను చేత్తో తడిమి, "జర వంకరున్నది గని, పడిపోదు," అని ఒప్పుకున్నాడు. బుగ్గమ్మ అప్పటికే సుత్తి లేకుండా వేలి మెటికలతోనే గోడ పక్క బండలను తడుతోంది.

"చలికి గొర్రెపిల్లలు తట్టుకుంటయా మరి?" అంది ఆమె.

"చలికాలం గా సందు ఖుల్లా ఉంచుతమా ఏంది," అన్నాడు కిష్టప్ప. "జొన్నచొప్ప కట్టలు కట్టి సందుల దోపుత. లోపల గొంగడి కప్పుకున్నట్టు ఉంటది. శివరాత్రి దాటంగనే గుంజేసి గొర్లకే ఏస్త. చొప్ప ఖరాబు కాదు, గాలికి మంచిగ ఆరుతది."

మత్తయ్య నెమ్మదిగా దొడ్డి గోడ మీద కూర్చున్నాడు. పన్నెండేళ్లు బల్ల మీద తెగని లెక్క. నజీర్ ఆయన వైపు, ఆయన నజీర్ వైపు చూసుకున్నారు. ముందు నవ్వింది బుగ్గమ్మ. తర్వాత ముగ్గురూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక కిష్టప్ప కూడా కలిశాడు. ఆయన భార్య చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"దీపావళి దాటినంక ఒకపారి తాండూరు రావాలె నువ్వు," అన్నాడు మత్తయ్య, "దవాఖానకు చొప్ప కట్టనీకి."

"నేనా సారు?"

"మాకు చాతకాలే. నీకు చాతయితది."

కిష్టప్ప వచ్చాడు. కార్తీక మాసంలో ఒక పొద్దున బండెడు చొప్పతో ఆసుపత్రి ముందు దిగాడు. నజీర్ మోకాళ్ల సంగతి మరిచి తనూ కప్పు ఎక్కుతానంటే, కాన్పు వార్డులో ఉన్న నీ కూతురి పక్కన నిన్ను కూడా చేర్చుకోవాల్సి వస్తుందని సుమిత్రమ్మ కింద కూర్చోబెట్టింది. పన్నెండేళ్ల కిందట షరీఫా కూతురు ఈ కప్పు కిందే పుట్టింది. ఇప్పుడు ఆయన రెండో కూతురికి బిడ్డ పుట్టింది. పైన కిష్టప్ప కట్టలు ఎంత గట్టిగా దోపాలో చూపిస్తుంటే మత్తయ్య నేర్చుకుంటూ దోపాడు. వదులుగా పెట్టినప్పుడల్లా కిష్టప్ప మొహమాటపడకుండా పీకి మళ్లీ పెట్టించాడు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. అష్రఫున్నీసా పంపిన జొన్నరొట్టెలు, పచ్చిపులుసు అందరూ వరండాలో కూర్చుని తిన్నారు. లోపల వార్డులో ఎవరో పసివాడు లేచి ఏడ్చాడు, తల్లి జోకొట్టింది, మళ్లీ పడుకున్నాడు.